అత్త వేలిలో దిగిన పిల్లి పన్ను

అత్త ఎడమ చేత్తో ఆకు వేస్తోంది. అది చూసి నాకు ముందు కోపం వచ్చింది, భయం ఆ తర్వాత వచ్చింది. పట్టుపురుగులకు ఆకు వేయడంలో మా అత్తను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. కుడి చేత్తో మల్బరీ కొమ్మలు అందుకుని పరిచిందంటే దుప్పటి కప్పినట్టు సమంగా పడతాయి. అలాంటి మనిషి ఆ పొద్దున ఒక్కో కొమ్మనూ ఎడమ చేత్తో తడుముకుంటూ పెడుతోంది. కుడి చేయి కొంగు చాటున ఉంది.

“ఏందత్తా, చెయ్యి దాచిపెట్టినావు? ఏదీ, చూపించు.”

“ఏం లేదులేమ్మే. చిన్నదే. నువ్వు పోయి నీ పని చూసుకో.”

ఆమె మా ఆయన తల్లే కాదు, మా నాన్న తోడబుట్టింది కూడా. అందుకే ఆమె దగ్గర నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆమె మొండితనమూ అంతే. కొంగు పట్టి లాగాను. చూపుడు వేలి మొదట్లో రెండు చిన్న చుక్కలు, సూదితో పొడిచినట్టు. వాటి చుట్టూ ఎర్రగా ఉబ్బి, చేతి వెనకంతా నున్నగా మెరుస్తోంది. వేలు ముడవమంటే ముడవలేకపోయింది.

గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. రెండు రోజుల కిందట, ఆకు నిల్వ చేసే గదిలో మూలనున్న గోనెసంచి తీయబోయి చేయి పెట్టిందట. మా పిల్లి ఆ సంచుల మీదే ఈని పడుకుని ఉంది. అది ఆమెకు తెలియదు. పెట్టిన చేతిని పిల్లి పట్టుకుని కరిచింది.

“పిల్లలు పెట్టిన తల్లి కదమ్మే, బెదిరిపోయింది. దాని తప్పేముంది?” అని పైగా పిల్లినే వెనకేసుకొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పురుగులు మేపే ఇంట్లో పిల్లి లేకపోతే కుదరదు. తమిళనాడులో పెన్నాగరం పక్కన మెట్ట పల్లె మాది. వానను నమ్ముకుంటే ఇల్లు గడవదని బోరు కింద కాస్త మల్బరీ పెట్టుకుని పురుగులు మేపుతున్నాం. పురుగుల కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పిల్లిని పెట్టుకున్నాం. పురుగుల షెడ్డులోకి మాత్రం దాన్ని రానివ్వం. మేమైనా గుమ్మం దగ్గరున్న బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో చేతులు ముంచిగానీ లోపలికి పోము. తలకు వాసన నూనె రాయం. పురుగులకు రోగం తగులుతుందని అంత జాగ్రత్త.

“సబ్బు పెట్టి కడిగినావా?” అన్నాను.

“సబ్బేంటికి? దినమంతా బ్లీచింగు నీళ్ళలో ముంచుతానే ఉండాము కదా. ఇంకా మురికి యాడుంటుంది?”

“పోనీ, మందన్నా పూసినావా?”

“మందు వాసన పురుగులకు పడదు. నీకు తెలీదా?”

ఇంకేం చెప్పను! పురుగుల కోసం నేర్చుకున్న శుభ్రమే తన చేతికీ చాలనుకుంది. పైగా రక్తం కూడా పెద్దగా రాలేదట. చుక్కలు మరుసటి రోజుకే మూసుకుపోయాయి. మానిపోయిందనుకుందట. నుదురు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. మణికట్టు నుంచి మోచేతి వైపు ఎర్రటి గీత ఒకటి పాకుతోంది. అసలే షుగరు మనిషి.

“లే. ఆస్పత్రికి పోదాం.”

“ఇప్పుడెట్ల వస్తాను? నాలుగో జ్వరం లేచి మేస్తాండాయి. పండేదానికి ఇంకా రెండు దినాలే. చంద్రికలకు ఎక్కించేసి పోదాం.”

పురుగులు మేత మాని కదలకుండా పడి ఉండి కుబుసం విడిచే దశను మేం జ్వరం అంటాం. నాలుగోది లేచాక అవి విపరీతంగా మేస్తాయి. పండాక, అంటే గూడు కట్టే దశకు వచ్చాక, చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఎక్కిస్తాం. ఆకు తప్పితే గూళ్ళు పలచబడిపోతాయి. అదంతా నాకు తెలియనిది కాదు. అయినా నోరు ఆగలేదు.

“చెయ్యి పోయినాక ఎవురు ఎక్కిస్తారత్తా చంద్రికలకు? పురుగుల జ్వరం గుమ్మంలో నిలబడే కనిపెడతావే, నీ ఒంటి జ్వరం నీకు తెలీలేదా? లేస్తావా, ఎత్తుకోని పోయేదా?”

ఆకు పని మా ఆయనకు అప్పజెప్పాను. ఉన్న కోపమంతా పిల్లి మీదికి మళ్ళింది. ఆకుల గదిలోకి పోయి, దాన్ని మెడ పట్టి లేపి, పిల్లలతో సహా బుట్టలో వేసి కోళ్ళ గూటిలో మూసేశాను. అది గింజుకుంటూ ఒకటే అరుపులు. “దాన్నేమీ చెయ్యొద్దు మే!” అని అత్త వాకిట్లో నుంచి కేకలు.

ధర్మపురి బస్సులో ఆమె చేయి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా పళ్ళు బిగిస్తోంది గానీ అబ్బా అనదు. చంకలో కూడా నొప్పిగా ఉందని అప్పుడు చెప్పింది. తాకి చూస్తే బిళ్ళ కట్టి ఉంది. కుక్క కరిస్తే ఏమవుతుందో విన్నాను, పిల్లి కరిచినా అంతేనేమో. వేలు తీసేస్తారేమో. విషం గుండెకు ఎక్కుతుందేమో. మా అమ్మ పోయాక నాకు తల దువ్వింది ఆ చేయి. కాన్పులో నేను అరుస్తుంటే నన్ను పట్టుకుని వదలనిది ఆ చేయి. అది లేని అత్తను ఊహించుకోలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అత్త చేయి చూడగానే తమిళంలో చీవాట్లు పెట్టింది. కుక్క కరిస్తే పరుగెత్తుకొస్తారు, పిల్లి కరిస్తే ఇంట్లో కూర్చుంటారు, ఇదేం లెక్క అని. పిల్లి పన్ను సన్నగా ఉంటుందట, లోతుగా దిగి తన నోట్లోని క్రిములను లోపల వదిలేస్తుందట. పైన చర్మం మూసుకుంటుంది, లోపల చీము పడుతుంది. అందులోనూ వేలి కీలు పక్కనే దిగింది, అందులోనూ షుగరు. కోసి, కడిగి, సెలైన్ పెట్టాలంది. రేబిస్ సూదులు కూడా వేయాలంది.

“పిల్లి కరిచినా, గీరినా వెంటనే కొళాయి కింద పెట్టి సబ్బుతో చాలాసేపు కడగాలి. తర్వాత నేరుగా ఇక్కడికి రావాలి. పిల్లి గోళ్ళు నాకుతుంటుంది, గీత పడినా అది తక్కువేం కాదు” అని నా మొహం చూస్తూ చెప్పింది. నేను పెద్ద తెలిసినదానిలా తలూపి, “విన్నావా?” అన్నట్టు అత్త వైపు చూశాను. పిల్లిని వదిలేయకుండా కనిపెట్టి చూడమని, దానికి జబ్బు చేసినా, అది చచ్చినా, కనబడకపోయినా వచ్చి చెప్పమని కూడా అంది.

“వేలు నిలబడుతుందా అమ్మా?” అన్నాను.

“రేపు చూద్దాం.”

ఆ ‘రేపు’ అనే మాటతో నా ప్రాణం సగం పోయింది. చేయి కోసి చీము తీశాక అత్తను మంచం మీదికి తెచ్చారు. కళ్ళు తెరిచి మొదట అడిగింది, “ఆకు వేసినాడా వాడు?” అని. సాయంత్రం వరకూ అదే పాట. ఫోను చేయి, కొమ్మలు తడిగా ఉన్నాయేమో అడుగు, గాలి ఆడుతోందా అడుగు. విసుగొచ్చి ఫోను ఆమె చెవికే ఆనించాను.

మరుసటి పొద్దున డాక్టరమ్మ కట్టు విప్పింది. వాపు తగ్గింది. ఎర్ర గీత మోచేయి దాటలేదు. “వేలు ముడువు” అంది. అత్త పళ్ళ బిగువున ముడిచింది. మొత్తం ముడుచుకోలేదు, సగం దాకా వచ్చి వణుకుతూ ఆగింది. డాక్టరమ్మ తలాడించి, “చాలు, మిగతాది మెల్లగా వస్తుంది” అని కొత్త కట్టు కట్టించి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

“అదేంది నీ చేతి మీద?” అంది అత్త.

చూసుకున్నాను. మణికట్టు పైన మూడు గీతలు, ఎర్రగా తేలి ఉన్నాయి. ముందు రోజు పిల్లిని బుట్టలో వేసేటప్పుడు పడినవి.

“ఏం లేదులే అత్తా. చిన్నదే.”

అనేశాక గానీ అవి ఎవరి మాటలో నాకు గుర్తు రాలేదు. అత్త నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మొహం పాలిపోయింది. మంచం దిగి, ఎడమ చేత్తో నా చేయి పట్టుకుని వరండా చివర కొళాయి దగ్గరికి ఈడ్చుకుపోయింది. “నన్ను అన్నేసి మాటలంటివే, నీకు బుద్ధి యాడ పోయింది?” అంటూ నా చేతికి సబ్బు రుద్దుతోంది.

“చాల్లే అత్తా” అన్నాను.

“నోరు మూసుకోని నిలబడు. చాలాసేపు కడగమన్నాది ఆయమ్మ.”

తర్వాత నర్సుకు తానే చూపించి, సూది వేసే గది ముందు బల్ల మీద నన్ను కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. నన్ను లోపలికి పిలిచేదాకా నా చేయి వదల్లేదు. ఇంటి దగ్గర పురుగులు పండుతున్నాయి. అంతసేపూ ఆమె వాటి మాటే ఎత్తలేదు.