రోడ్డుకు అవతలి ఇంజను

అమెరికా ఉత్తరపు అంచున ఉన్న మా ఊళ్లో రాగి గనులు ఎప్పుడో మూతపడ్డాయి. మంచుకు మాత్రం ఆ సంగతి తెలియదు. సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చి, ఇంకా మనుషులు కిక్కిరిసి ఉన్నట్టే వీధులన్నీ నింపుతుంది. ఇక్కడ వాకిట్లో మంచును ఎత్తి దూరంగా చిమ్మే యంత్రం లేని ఇల్లు లేదు. వాటిని బాగుచేసేవాడు ఆర్వో కెంపైనెన్. వయసు డెబ్బై నాలుగు, ఒంటరివాడు. పనిమంతుడు అనవచ్చు; మంచివాడు అనడానికి నేను కొంత ఆలోచిస్తాను.

ఎదురింటి వెస్లీ ట్రెలోర్‌తో ఆయనకు మాటలు పోయి తొమ్మిది చలికాలాలు. ఆ గొడవ జరిగిన రోజు ఆర్వో తన మెట్లు శుభ్రం చేసుకుని నిలబడగానే, వెస్లీ యంత్రం గొట్టం లోంచి మంచు రోడ్డు దాటి వచ్చి వాటి మీదే పడింది.

"గొట్టం తిప్పేముందు కళ్లు తెరువు, వెస్లీ!"

"నా కళ్లకేం రోగం లేదు. నీ మెట్లే రోడ్డు మీదికి పాకాయి."

"సరే. ఆ డబ్బా ఇక నా దగ్గరికి తేకు."

"తెస్తే అడుగు."

మరుసటి ఏడాది నుంచి ఆ ఇంజను తడబడసాగింది. కునికిపాట్లు పడే మనిషి ఉలిక్కిపడి లేచినట్టు చప్పుడు పడిపోవడం, ఎగరడం, మళ్లీ పడిపోవడం. ఆర్వో తన వంటింట్లో కాఫీ తాగుతూనే రోగం కనిపెట్టాడు: పాత పెట్రోలు జిగురు కట్టి కార్బురేటర్‌లోని సన్న రంధ్రాన్ని మూసింది. ఇరవై నిమిషాల పని. ఆయన రోడ్డు దాటలేదు. ఒకరితో మాట్లాడకపోవడం కూడా ఒక పనే; దానికి ప్రతిరోజూ ఇద్దరి శ్రమా కావాలి.

ఆగస్టులో వెస్లీ పోయాడు. అంత్యక్రియల నాడు ఆర్వో చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, ఎవరినీ పలకరించకుండా వచ్చేశాడు. నవంబరులో తొలి మంచు పడిన మరునాడు వెస్లీ భార్య ఐలీన్ ఆ యంత్రాన్ని తోసుకుంటూ ఆయన షెడ్డుకు వచ్చింది.

"దీన్ని చూస్తావా ఆర్వో? ఇక నేనే తోలుకోవాలి."

"పెట్టు."

"ఆయనుంటే తేనిచ్చేవాడు కాదు."

"తెలుసు."

ఆమె వెళ్లాక ఆయన వెంటనే పని మొదలుపెట్టలేదు. తెలుసుకోవలసింది ఒక్కటుంది: ఈ తొమ్మిదేళ్లలో వెస్లీ దీని మీద మరొకరి చేయి పడనిచ్చాడా? ఊళ్లో ఇంకో మెకానిక్ ఉన్నాడు. పని నాసిరకమే అయినా ఇంజను విప్పడం వచ్చినవాడు. ఆర్వో దీపం దగ్గరికి జరిపి, కార్బురేటర్ గిన్నె కింది బోల్టును చూశాడు. ఫ్యాక్టరీలో వేసిన నల్లరంగు దాని అంచుల మీద చెక్కుచెదరలేదు. ఎవరి పానా దాన్ని తాకలేదు.

ఆయన తన పానా అందుకున్నాడు.

బోల్టు విప్పాడు. గిన్నె అడుగున ఎండిన తేనెలా గోధుమరంగు జిగురు. తుప్పు గీకే ఇనుప బ్రష్షు లోంచి ఒక పోగు పీకి రంధ్రంలో దూర్చి, కడిగి, దీపానికి ఎత్తి పట్టాడు. ఆవగింజలో సగమైనా లేని వెలుతురు అవతలి నుంచి కంట్లో పడింది. కొత్త పెట్రోలు పోసి తాడు లాగాడు. మూడో లాగుకు ఇంజను అందుకుంది; ఇక ఎక్కడా తడబడలేదు.

సాయంత్రం ఐలీన్ యాలకుల రొట్టె పట్టుకుని వచ్చింది.

"ఎంతసేపు పట్టింది?"

రెండు రోజులని చెప్పవచ్చు. ఎవరి చేతా కాని రోగమని చెప్పవచ్చు.

"ఇరవై నిమిషాలు," అన్నాడు ఆర్వో.

ఆమె రొట్టెను బల్ల మీద పెట్టింది. "బయట ఎక్కడైనా చూపించవయ్యా అని ఆయనతో ఎన్నిసార్లు మొత్తుకున్నానో! వింటేనా? 'దాన్నలా ఏడవనీ. ఎదురింటోడి చెవుల్లో పడాలి. ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు? ఏదో ఒకరోజు ఒళ్లు మండి, పానా పట్టుకుని వాడే వస్తాడు చూడు' అనేవాడు." నవ్వబోయి ఆగింది. "నువ్వేమో ఓర్చుకున్నావు."

"ఓర్చుకున్నాను."

మూడో రోజు పొద్దున మోకాలి లోతు మంచు. ఆర్వో మెట్లు శుభ్రం చేసుకుని, లోపలికి వచ్చి కాఫీ పోసుకున్నాడు. రోడ్డుకు అవతల ఇంజను మొదలైంది. చప్పుడు ఎక్కడ పడుతుందోనని ఆయన చెవి కాచుకుని ఉంది. పడలేదు. సమంగా, ఎవరిదో తెలియని యంత్రంలా నడుస్తూనే ఉంది.

అంతలో కిటికీ బయట తెల్లగా ఏదో ఎగిసింది. తలుపు తీసేసరికి మెట్ల నిండా మంచు.

"అయ్యో ఆర్వో, ఏమీ అనుకోకు!" అటు నుంచి ఐలీన్ కేక వేసింది. "ఈ గొట్టం నా మాట వినడం లేదు!"

ఆయన కోటు వేసుకుని రోడ్డు దాటాడు. పద్నాలుగు అడుగులు. గొట్టాన్ని మళ్లించే కాడను రెండు చుట్లు తిప్పి, ఆమె చేతిని దాని మీద ఉంచాడు.

"మంచు ఎప్పుడూ మీ గోడ వైపే పడాలి."

"లోపలికి రా, కాఫీ ఉంది."

"నాది అక్కడ చల్లారుతోంది."

తిరిగి పద్నాలుగు అడుగులు. ఆయన పార తీసుకుని, మెట్ల మీది మంచును పై మెట్టు నుంచి మళ్లీ తీయసాగాడు.