అన్నా అనే కూతురు

మా పాపకు మూడేళ్ళు నిండబోతున్నాయి. అమ్మను అమ్మా అంటుంది, అవ్వను అవ్వా అంటుంది. కన్నతండ్రినైన నన్ను మాత్రం అన్నా అంటుంది.

తప్పు అంగడిది. ఆదోనిలో నాది తువ్వాళ్ళు, దుప్పట్లు అమ్మే చిన్న అంగడి. మా ఆవిడ ఆలూరు దగ్గర బడిలో టీచరు. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి గాని రాదు. అంతవరకూ పాప నాతోనే, దుప్పట్ల కట్టల మధ్య. వచ్చినవాడల్లా "అన్నా" అంటూనే వస్తాడు. నాకంటే పెద్దవాడైనా అంతే. వినీ వినీ అదే నా పేరనుకుంది కాబోలు.

మాట ఒక్కటే అయితే సరేలే అనుకునేవాణ్ణి. బేరం కూడా నేర్చింది. మెట్టు దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, "అన్నా, తువ్వాల సూపియ్యి" అంటుంది. చూపిస్తే మూలలు పట్టి లాగి, "రంగు పోతాదా?" అని అడుగుతుంది. పోదంటాను. "వద్దులే అన్నా, మళ్ళొస్తా" అని గిర్రున తిరిగి పోతుంది. రెండడుగులు వేసి, వెనక్కి పిలుస్తానేమోనని ఆగుతుంది. పిలవకపోతే కోపం!

నాకు మాత్రం నాయినా అనిపించుకోవాలని ఉండదా? మా ఆవిడతో చెబితే పగలబడి నవ్వింది. "పొద్దన్నుంచి అందరూ అన్నా అంటాంటే, అది మాత్రం ఏమంటాది పాపం? వదిలెయ్యప్పా" అంది. తనకేం, దర్జాగా అమ్మా అనిపించుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది.

"నాయినా అను, బొరుగులు పెడతా" అని ఆశ చూపాను. కాసేపు ఆలోచించి, పక్కనున్న గాజులంగడికి పోయి "అన్నా, బొరుగులు" అంది. ఆ భాయి వెంటనే పొట్లం తెప్పించి ఇచ్చాడు. తెచ్చుకుని నా ఎదురుగానే కూర్చుని తింది. నాకు ఒక్క గింజ పెట్టలేదు. గద్దించి కూడా చూశాను. అది ఏడ్చే రకం కాదు. నోరు బిగించి గోడ వైపు తిరుగుతుంది. ఈ మొండితనం ఎక్కడిదని మా అమ్మను అడిగితే, నన్నే ఎగాదిగా చూసింది.

మొన్న చలికాలంలో సరుకు కోసం ఎమ్మిగనూరు పోతూ దాన్నీ తీసుకుపోయాను. సంత రోజు. నేతగాళ్ళ ఇంట్లో దుప్పట్లు మూట కట్టించుకుని బస్టాండుకు వస్తూ, సంత మధ్యలో మూట దించి భుజం మార్చుకున్నాను. అంతే. పక్కన పాప లేదు.

మూట అక్కడే పడేసి మిరపకాయల రాశుల మధ్య, గొర్రెల మధ్య పిచ్చివాడిలా తిరిగాను. అంతలో "అన్నా! అన్నా!" అని దాని గొంతు. చుట్టూ ఉన్న మగవాళ్ళంతా తలతిప్పి చూశారు. సంతలో ఎవరు అన్న కాదు? వెళ్ళి చూస్తే, ఉల్లిగడ్డలమ్మే ఒక పెద్దమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఈ పాప వాళ్ళన్న తప్పిపోయినాడంట. పిల్లోడు మీకేమైనా కనపడినాడా?" అని అందరినీ అడుగుతోంది. నలుగురు కుర్రవాళ్ళు ఏడెనిమిదేళ్ళ పిల్లవాడి కోసం అప్పటికే వెతుకుతున్నారు.

"నా బిడ్డమ్మా" అని చేతులు చాచాను.

పెద్దమ్మ ఇవ్వలేదు. "నువ్వెవురు?" అంది.

"దాని నాయినను."

"పాపా, ఈయప్ప నీకేమయితాడు?"

"అన్న" అంది పాప.

"సూసినారా! ఈయప్ప నాయినంటాడు, బిడ్డ అన్నంటాది" అంటూ ఆమె దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. జనం మూగారు. ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు. నా బిడ్డను నాకివ్వరేమోనని భయం వేసింది. "నాయినా అనవే!" అని అరిచాను. అరిస్తే ఏం చేస్తుందో తెలిసి కూడా అరిచాను. నోరు బిగించి అటు తిరిగింది.

పెద్దమ్మ కాస్త ఆలోచించి, దాని గడ్డం పట్టుకుని మెల్లగా అడిగింది. "అన్న సంగతి ఉండనీలే తల్లీ. మీ నాయిన యాడుండాడు?"

ఈమెకు ఇంత కూడా తెలియదా అన్నట్టు చూసింది పాప. నా వైపు వేలు చూపించి, "ఈడే ఉండాడు కదా. ఈ అన్నే" అంది.

జనం గొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దానికి తెలియక కాదన్నమాట, ఇన్నాళ్ళూ! నడిసంతలో, అందరి ముందూ ఏడ్చేశాను. పెద్దమ్మ దాన్ని నా చేతికి అందించింది. అది నా మెడ చుట్టూ చెయ్యి వేసి, రెండో చేత్తో నా కళ్ళు తుడిచింది.

"ఏడ్సొద్దన్నా" అంది.