మూటల వచ్చిన అంగీ

చాకలి ఐలవ్వ ఊర్ల ఎవల మొఖమూ నిలబడి చూసిన మనిషి కాదు. పొద్దుగాల్నే ఇంటింటికి పోయి వాకిట్ల నిలబడి "అవ్వా, మూట" అనేది. పొద్దుగూకినంక గవే ఇండ్లకు గంప పట్టుకొని పోయి "అవ్వా, బువ్వ" అనేది. ఆ రెండు మాటల నడుమ దినం ఎల్లిపోయేది. లక్సెట్టిపేటకు రెండు కోసుల దూరంల, గోదారి పక్కన ఊరు. పోలీసు యాక్షన్ అయి పదేండ్లు కావచ్చింది. వెట్టి పోయిందని తాలూకా కచేరిల చెప్పిండ్రట. చెప్పినోళ్లు వచ్చి, ఊరి శిస్తు వసూలు జేసే మాలీపటేలు దొర వాకిట్ల నిలబడి చెప్పలే. అందుకే ఐలవ్వ దాకా ఆ ముచ్చట రాలే.

రజాకార్ల దినాలల్ల జొన్నచేన్ల దాక్కున్నప్పుడు, చంకల పిల్లగాడు ఏడ్వకుంట వాని నోరు అరచేత్తోని మూసి పట్టుకున్నది. ఆ చెయ్యి ఇంకా తియ్యనట్టే బతికింది. పిల్లగాడు సిద్దిరాములు ఏడో తరగతికి వచ్చినా, "తల వంచుకొని పో బిడ్డా, ఎవలేమన్నా మారు మాట్లాడకు" అనే బడికి తోలేది.

బళ్లె వాడు అడుగు పెడ్తె చాలు, వెనుక బల్లోళ్లు గాడిద తీర్గ ఓండ్ర పెట్టేటోళ్లు. వాని అంగీ మీద సిరా ఒంపి, "మీ అవ్వ ఉతుకుతది తియ్యిరా" అని నవ్వేటోళ్లు. అందరికి ముందట ఉండేది మాలీపటేలు కొడుకు జగపతి. ఐలవ్వ రేవు కాడ కొడుకు అంగీ మీది సిరా మరకలను రాకి రాకి తీసేది. ఎట్లయినయని అడుగలే. అడిగితె వాడు చెప్తడు. చెప్తె తను ఏమన్న చెయ్యాలె. ఆమె భయం గదే.

ఆ దినాలల్ల బళ్లల్ల ఒక అలవాటుండె. పంతులు అడిగిన దానికి జవాబు చెప్పినోడు, చెప్పలేనోళ్ల ముక్కు ఒక చేత్తోని పట్టుకొని రెండో చేత్తోని చెంప మీద కొట్టాలె. పాత పంతులు జగపతి దాకా వచ్చేవరకు "ఇగ చాలు" అనేటోడు. కొత్తగ వచ్చిన గంగయ్య సారుకు ఊరి లోతు తెల్వదు. సిద్దిరాములు లెక్క చెప్పంగనే, వరుసల ఎవ్వల్ని ఇడిసిపెట్టొద్దన్నడు. మంచి మనసుతోనే అన్నడు. పిల్లల చెంపలు పిల్లల చేతులకు అప్పజెప్పే చదువు ఏం చదువని ఆయన గూడ ఆలోచన చెయ్యలే.

సిద్దిరాములు జగపతి ముక్కుకు రెండు వేళ్లు ఆనిచ్చి, దుమ్ము దులిపినట్టు చెంపను తాకిండు. దెబ్బ తాకనే లేదు. కాని తరగతంత నవ్వింది, ఏండ్ల సంది ఆపుకున్న నవ్వు. జగపతికి తాకింది ఆ నవ్వు.

ఆ సాయంత్రం ఐలవ్వ పెనిమిటి ఇస్తారి గాడిదలను తోలుకొస్తుంటె, వాగు కాడ మోదుగు పొదల పక్కన కొడుకు బోర్ల పడి కనబడ్డడు. ఎడమ చెవిలకెళ్లి నెత్తురు కారుతుండె. ఇంటికి తెచ్చి అడిగితె, చెట్టు మీదికెళ్లి పడ్డ అన్నడు. మల్ల అడిగినా అదే మాట. ఎడమ దిక్కు నిలబడి పిలిస్తె వాడు పలుకలే.

తెల్లారి వాడకట్టంత వచ్చి చూసిపోయింది. ఏ చెట్టు, ఎంత ఎత్తు అని అందరు చెట్టు గురించే అడిగిండ్రు. వాగు కాడ ఎక్కేటంత చెట్టు లేదని అందరికి ఎరుకే. మాలీపటేలు గూడ మనిషిని తోలిండు. పోరడు చెట్లెక్కుతుండట, జర కట్టేసి పెట్టుకోరి, లేకుంటె ఈసారి పానానికే వస్తదని చెప్పుమన్నడట. గంగయ్య సారు వచ్చి సిద్దిరాములు పక్కన చానసేపు కూసున్నడు. పోయేముందు ఐలవ్వతోని అన్నడు:

"కొట్టిండ్రని నాకెరుకే అవ్వా. ఒక్కలన్న నోరిప్పితె నేను పైకి రాస్త. ఇప్పకుంటె చెట్టు మీదికెళ్లి పడ్డట్టే. రేపు బడికొస్తె మల్ల పడ్తడు."

ఆ చివరి మాట ఐలవ్వను తిననియ్యలే, పండనియ్యలే.

ఇంట్ల పిల్లగాడు మంచం పట్టినా ఊరి మురికి ఆగదు. మర్నాడు మూటలకు పోయింది. మాలీపటేలు అరుగు మీద జగపతి చెరుకు నములుతుండు. ఒంటి మీద చిన్న గీత గూడ లేదు. ఐలవ్వను చూసి నిమ్మళంగ పిప్పి ఉమ్మిండు. ఆ ఇంట్ల పనిజేసే మల్లక్క మూట తెచ్చి పెట్టి, ఎన్నడు లేంది, మొఖం తిప్పుకొని గబగబ లోపటికి పోయింది.

రేవుల మూట ఇప్పితె నడుమ తెల్ల అంగీ ఉన్నది. పట్నం నుంచి తెప్పించిన ముత్యపుచిప్ప గుండీల అంగీ. ఊర్ల అసొంటిది ఇంకోటి లేదు. కుడి చెయ్యి పట్టీ నుంచి మోచేతి దాకా, రొమ్ము మీద, ఎండి నల్లబడ్డ నెత్తురు.

ఆ అంగీని కాలవెట్టచ్చు, బొందవెట్టచ్చు. ఆ ఇంటోళ్లకు గా ఆలోచనే రాలే. మురికైతె మూటల వేసుడు, మూట చాకలిదానికిచ్చుడు, అది తెల్లగై తిరిగొచ్చుడు. తాతల సంది నడుస్తున్న పని. చాకలిది ఉతుకుతది గని చూస్తదని వాళ్లకు తట్టలే. అది కన్నతల్లి అని యాదికే రాలే.

"ఉతుకు," అన్నడు ఇస్తారి, అటిటు చూసుకుంట. "చల్ల నీళ్లల్ల పెడ్తె పోతది. గుడిసె కాలవెడ్తరే. బాయి నీళ్లు బంద్ జేస్తరు."

ఐలవ్వకు గూడ అదే భయం. అంగీ పట్టుకొని నీళ్లల్లకు దిగింది. ఒక కొస తడిసింది. నీళ్లల్ల ఎర్రటి గీత సన్నగ సాగింది. చప్పున ఎనుకకు గుంజుకున్నది. ఉతికితె తన చేత్తోనే వాణ్ని చెట్టు మీదికెళ్లి పడేసినట్టు. తనే మడత పెట్టి ఇస్తది. జగపతి ఇదే తొడుక్కొని రేపు తన పిల్లగాని వెనుక బల్ల మీద కూసుంటడు.

అంగీని పైట కింద పెట్టుకొని ఊర్లెకు నడిచింది. ఎవలన్న ఎదురొస్తె గోడ చాటుకు పోయింది. మాలీపటేలు వాకిలి దాటలేక రెండు సార్లు ఎనుకకు మర్రి, ఆఖరికి చేన్ల మీదికెళ్లి తిరిగి బడి కాడికొచ్చింది. బడి ముందటి దడి మీద అంగీని ఆరేసింది. రోజు ఆరేసినట్టే చేతులు చాపి, ముడుతలు లాగి. దాని కింద కూలబడ్డది.

ఆట గంట కొట్టంగనే పిల్లలు ఉరుక్కుంట వచ్చి, దడి కాడ ఆగిండ్రు. అంగీ దిక్కు చూసిండ్రు. తర్వాత జగపతి దిక్కు చూసిండ్రు. జగపతి నెమ్మదిగ ఎనుకకు జరిగిండు.

గంగయ్య సారు వచ్చి, ఎవలిదవ్వా గిది, అని అడిగిండు. ఐలవ్వ తల వంచుకొనే ఏదో గొణిగింది. సారు వినేటందుకు వంగిండు.

"అంగీ చినదొరది," అన్నది. "నెత్తురు మా పిల్లగానిది."

ఆమె గెలిచిందని ఎవలూ అనుకోవద్దు. సారు పైకి రాసిండు. తాలూకా నుంచి ఆఫీసరొచ్చిండు. అది కోడి నెత్తురన్నడు మాలీపటేలు. సిద్దిరాములును అడిగితె వాడు తల్లి దిక్కు చూసిండు. ఐలవ్వ తల ఊపింది. వాడు జగపతితోని కలిపి ముగ్గురి పేర్లు చెప్పిండు. మిగిలిన పిల్లలు తలలు వంచుకున్నరు. అనసూర్య అనే పిల్ల ఒక్కతే, "కట్టెతోని కొట్టిండ్రు సార్, నేను చూసిన" అన్నది. తెల్లారి సంది ఆ పిల్లను వాళ్ల బాపు బడికి తోలలే.

జగపతిని కరీంనగర్ల చుట్టాలింట్ల పెట్టి చదివిచ్చిండ్రు. ఆ నేరానికి పడ్డ శిక్ష అంతే. గంగయ్య సారును ఉట్నూరు అడివిల దిక్కు మార్చిండ్రు. ఐలవ్వకు ఏ వాకిట్లనూ మూట పెట్టలే. బువ్వ గంప ఖాళీగ తిరిగొచ్చింది. ఆకలికి ఆగలేక ఒక పొద్దు గాడిదలను తోలుకొని బెల్లంపల్లి బొగ్గుబాయిల దిక్కు పోయిండ్రు. వాగు దాటేదాక ఐలవ్వ ఎనుకకు చూసుకుంటనే నడిచింది.

ఊరు ఇడిసి ఇప్పటికి పదేండ్లయింది. సిద్దిరాములు అక్కడి బళ్లె ముందటి బల్ల మీద కూసొని, ఒక్క చెవితోని పదో తరగతి దాకా చదివిండు. బొగ్గుబాయిల కొలువు దొరికింది. ఐలవ్వ ముచ్చట విన్న బస్తీ ఆడోళ్లు నీది గట్టి గుండె అంటె, ఆమె ఒప్పుకోదు. గుండె జారిపోయిందనే చెప్తది, కాళ్లు ఎట్ల నడిచినయో తెల్వదంటది.

బాయిల డ్యూటీ అయి పాళీ దిగే యాళ్లకు ఇప్పటికీ గల్లీ మూల మీద నిలబడ్తది. కొడుకు జర ఆలస్యమైతె పైట కొస నములుతది. వాడు కనబడంగనే మొఖం చూడదు, అంగీ చూస్తది. బొగ్గుతోని నల్లగైన ఆ అంగీల ఇంకో రంగు కోసం ఎతుకుతది.

"బొగ్గే అవ్వా," అంటడు వాడు.

ఆమె వాని చేతులు పట్టుకొని అంగీ పట్టీలు తిప్పి చూస్తది.