ఒత్తు లేని శుభలేఖ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తప్పులు పట్టుకోవడమే పెద్ద కాలక్షేపం. మా నాయనకు చిత్తూరులో చిన్న అచ్చాఫీసు ఉండేది. అమ్మ బడిలో తెలుగు టీచరు. ముందు గదిలో ప్రెస్సు, వెనక రెండు గదుల్లో మా కాపురం. నాయన సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలుగా పేర్చి, సిరా పూసి, ఒక కాగితం మీద అచ్చు తీసి అమ్మకిచ్చేవాడు. దాన్ని ప్రూఫు అనేవాళ్ళు. అమ్మ బడి నుంచి వచ్చి, కాఫీ తాగి, ఎర్ర పెన్సిలు పట్టుకుని దాని ముందు కూర్చునేది. ఆ కాసేపూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. తప్పులన్నీ దిద్దాక కింద 'సరి' అని రాసేది. ఆ మాట పడితే తప్ప నాయన మిషను తిప్పేవాడు కాదు.

అమ్మకు అన్నిటికంటే ఒత్తుల మీద పట్టింపు. మా వైపు మాటల్లో ఒత్తులు నిలవవు కదా. బడిలో పిల్లల చేత అరచెయ్యి నోటి ముందు పెట్టించి 'ఖ' అనిపించేది. గాలి చేతికి తగిలేదాకా వదిలేది కాదు. నాయన మాత్రం జీవితమంతా శుభలేఖలు అచ్చువేస్తూ కూడా నోటితో 'శుభలేక' అనే అనేవాడు. "శుభం లేకపోతే పెండ్లెందుకు చేస్తారయ్యా?" అని అమ్మ వెక్కిరించేది. ఆయన నవ్వి, మళ్ళీ కావాలని అలాగే అనేవాడు. వాళ్ళిద్దరి మధ్య సరసమంటే నేను చూసింది అదొక్కటే.

నేను నాలుగో తరగతికి వచ్చేసరికి అమ్మ కళ్ళు మసకబారడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందనీ, ఉన్న చూపును కాపాడుకోవడమే తప్ప పోయినది రాదనీ డాక్టరు చెప్పాడు. అమ్మ ఆ మాటను లెక్కచేయనట్టే ఉండేది. చూపు లేదని బయటపడితే బడి పోతుంది, బడి పోతే తను ఇంక మనిషిని కానని ఆమె భయం. నోరు తెరిచి చెప్పకపోయినా మాకు తెలుసు. ప్రూఫు చూడటం ఆమెకు తన కళ్ళ మీద తాను పెట్టుకునే పరీక్ష అయిపోయింది. ఒక తప్పు దొరికితే ఆ పూట అన్నం సయించేది.

ఒకరోజు నాయన బాగా పేర్చిన వరసలోంచి ఒక మంచి అక్షరాన్ని తీసి, దాని చోట తప్పుది పెట్టడం చూశాను. ఎందుకని అడిగితే నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆయన ఎత్తు. అసలు తప్పులన్నీ ముందే తానే దిద్దేసుకుని, అమ్మకు ఇంకా కనబడే సైజు అక్షరాల్లో ఒకటో రెండో తప్పులు కావాలని పెట్టేవాడు. అమ్మ వాటిని పట్టుకుని, "నేను సూడకుంటే ఏమయ్యేది మీ ప్రెస్సు గతి?" అనేది. నాయన తలవంచుకుని నిలబడేవాడు. ఆయనంత తెలివైనవాడు లోకంలో లేడని నాకు ఒకటే సంబరం.

నెలలు గడిచేకొద్దీ ఆ తప్పులు చిన్న అక్షరాల్లోంచి పెద్ద అక్షరాల్లోకి, అక్కడినుంచి ఇంకా పెద్ద అక్షరాల్లోకి జరుగుతూ పోయాయి. పెండ్లికొడుకు పేరు దాకా వచ్చింది. అది కూడా అమ్మ కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూస్తే గానీ దొరకలేదు. పెండ్లిపత్రికలో దానికంటే పెద్ద అక్షరాలు ఇంకొక్కచోటే ఉంటాయి, పైన, 'శుభలేఖ' అనే మాటలో.

నగరిలో మగ్గాలున్న ఒకాయన కూతురి పెండ్లికి పత్రికలు వెయ్యమన్నాడు. నాయన ఆ ప్రూఫులో శుభలేఖలోని 'ఖ' తీసి 'క' పెట్టాడు. అమ్మకు ఏ తప్పు కనబడకపోయినా ఇది కనబడుతుంది అనుకున్నాడు. అమ్మ చాలాసేపు చూసింది. కాగితాన్ని వాకిట్లోకి పట్టుకెళ్ళి ఎండలో చూసింది. తిరిగొచ్చి, "ఈ తూరి ఒక్క తప్పు లేదే! పరవాలేదు, నేర్చుకున్నారు," అని నవ్వుతూ 'సరి' అని రాసింది. ఆ మాట కూడా వంకరగా, కాగితం అంచు దాటిపోయి పడింది.

నాయన ఆ ప్రూఫు పట్టుకుని మిషను దగ్గర కూర్చుండిపోయాడు. అక్షరం మార్చడానికి ఎంతసేపు? ఆయనకు చెయ్యి రాలేదు. మీ అమ్మ సరి అన్నదాన్ని తప్పని నేనెట్ల మార్చేది, అని చాన్నాళ్ళకు, నేను పెద్దదాన్నయ్యాక నాతో అన్నాడు. ఆయన ఆ పత్రికలన్నీ అలాగే అచ్చువేశాడు.

మరుసటి వారం ఆ నగరి ఆయన కట్ట పట్టుకుని కేకలు వేస్తూ వచ్చాడు. "ఏమప్పా ఇది? శుభం లేక చేస్తా ఉండామా మేము పెండ్లి? ఆడబిడ్డ పెండ్లికి ఇదేనా నువ్వేసేది?" వీధిలో జనం ఆగి చూశారు. అమ్మ లోపలినుంచి విసురుగా వచ్చింది. తను చూసిన ప్రూఫులో తప్పుండటమా? పత్రిక అందుకుని కళ్ళ దగ్గర పెట్టుకుంది, దూరంగా పట్టుకుంది, వెలుతురుకేసి తిప్పింది. "యాడయ్యా? సరిగ్గానే ఉండాది కదా," అంది.

ఆయన అమ్మను చూశాడు. తర్వాత నాయనను చూశాడు. నాయన నేలకేసి చూస్తున్నాడు. అంతవరకూ వీధి అదిరేలా అరిచిన ఆ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "అవునమ్మా. సరిగ్గానే ఉండాది. నేనే సరింగా సూసుకోలా," అని కట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పత్రికలే పంచిపెట్టాడని తర్వాత విన్నాం. అంత మంచివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆ మంచితనమే మా అమ్మను ముంచింది.

ఏళ్ళ తరబడి పిల్లల గొంతులు విన్న మనిషి ఆమె. గొంతు ఎందుకు మెత్తబడుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. చేతిలో మిగిలిన పత్రికను నాకిచ్చి, పైమాట ఒక్కొక్క అక్షరమే చదవమంది. చదివాను. "కడా అక్షరానికి ఒత్తు లేదా?" అంది. లేదన్నాను. అమ్మ గడప మీద కూర్చుంది. అంత పెద్ద అక్షరంలో తప్పు నాయన కంటపడకుండా పోదని ఆమెకు తెలుసు. ఎప్పటినుంచి ఇలా చేస్తున్నారని నాయనను అడిగింది. ఆయన నా చేతిలోంచి ఆ పత్రిక తీసుకుని మడిచాడు. "ఆ నగరి ఆయప్ప నన్ను తిట్టింటే బాగుండు," అని మాత్రం అంది.

ఆ ఏడే బడి మానేసింది. ప్రెస్సు ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది కానీ, ప్రూఫులు నాయన ఒక్కడే చూసుకునేవాడు. ఇంట్లో అందరం అమ్మ దగ్గర మెత్తగా మాట్లాడటం నేర్చుకున్నాం. ఆమె ఏమన్నా అవునన్నాం. ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నాయన మాట్లాడకుండా తిన్నాడు. నన్ను కూడా తినమని కంటితో సైగ చేశాడు. మేము లేచాక అమ్మ తన కంచంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. దాన్ని మింగలేదు, ఉమ్మలేదు. కాసేపటికి, "నేనింకా ఈ ఇంట్లో ఉండానా, పోయినానా?" అంది. ఆమె ఆ తర్వాత చాలా కాలం బతికింది. ఎవరూ ఆమెకు తప్పు చెప్పలేదు.

ఇప్పుడు మావాళ్ళలో నాకు నోటి దురుసు మనిషినని పేరు. ఎవరింట్లో తిన్నా ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే అంటాను. మా కోడలు కొత్తలో ఏడ్చింది కూడా. ఆ పిల్లకు నేనెలా చెప్పను? నేను ఏమీ అనకుండా తిని లేచిన రోజున కదా తను ఏడవాల్సింది.