లూర్దమ్మ దాచని అప్పు

సుధాకరరావు కనిపిస్తే చాలు, లూర్దమ్మకి ఒళ్ళు మండేది. ఆయనకి మాత్రం ఆమె ఎవరో తెలియదు.

పదకొండేళ్ళ కిందట నిడదవోలులో ఆయన చీటీలు నడిపేవాడు. పక్క పల్లెలో ఉండే లూర్దమ్మ కూలి డబ్బుల్లోంచి మిగిల్చి ఆయన గుమాస్తా చేతికి నలభై నెలలు కట్టింది. తీరా భర్త ఆపరేషన్‌కి ఆ డబ్బు కావలసి వచ్చేసరికి ఆయన కోర్టులో ఐ.పి. పెట్టి చేతులెత్తేశాడు. దివాలా తీసిన పెద్దమనిషి ఇంటి ముందు కారు మాత్రం కదల్లేదు. లూర్దమ్మ వడ్డీకి అప్పు తెచ్చి భర్తని బతికించుకుంది. ఆ అప్పు తీర్చడానికి ఖతార్ వచ్చి, కొన్నాళ్ళు ఇంటిపని చేసి, చివరికి ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక క్లీనింగ్ కంపెనీలో కుదిరింది. నిరుడు అదే కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసరుగా టై కట్టుకుని దిగాడు సుధాకరరావు.

ఈమధ్య కంపెనీకి పోర్టు గోడౌన్లలో పని దొరికింది. జీతం మూడు వందల రియాళ్ళు ఎక్కువ. అయితే లోపలికి వెళ్ళడానికి పాస్ కావాలి. అప్పులు, కోర్టు కేసులు, దివాలా ఏమైనా ఉంటే రాయమని ఒక ఫారం ఇచ్చారు.

"ల్యాదని రాసెయ్ అక్కా. ఇండియా అప్పు వీళ్ళకేం తెలుస్తాది?" అంది గదిలో ఉండే కడప నస్రీన్.

"దాచుకోడానికి నేనేం దొంగతనం చేశానే? కడుతున్నాగా!" అని లూర్దమ్మ ఉన్నది ఉన్నట్టు రాసింది.

మర్నాడు సుధాకరరావు ఆమెని పిలిచి, ఫారం వేలికొసలతో పట్టుకున్నాడు.

"అప్పులున్నవాళ్ళకి గోడౌన్ తాళాలెలా ఇస్తారు? ఎవడొచ్చి బెదిరించినా లొంగిపోతారు. అసలు మీలాంటివాళ్ళకి డబ్బు దగ్గర క్రమశిక్షణ ఉండదు."

"ఈ అప్పెలా వచ్చిందో రాయడానికి ఇందులో చోటు లేదండి. నిడదవోలులో చీటీ కట్టానండి. నడిపినాయన ఐ.పి. పెట్టేశారండి."

ఆయన మొహం పాలిపోయింది. లేచి వెళ్ళి తనే తలుపు వేసి వచ్చాడు.

"కూర్చోండి లూర్దమ్మగారూ."

ఏడాదిగా ఆ నోట "ఏయ్" తప్ప ఇంకో పిలుపు వినలేదు ఆమె. ఆయన కొత్త ఫారం ముందుకు జరిపాడు. "అప్పు లేదని రాయండి. నేను సంతకం పెట్టేస్తా. ఆ పాత సంగతులు మాత్రం ఇక్కడెవరికీ..."

"మీ ఫారంలో కూడా ఇలాగే రాశారాండీ?"

ఆయన పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

ఇన్నేళ్ళూ ఈ మనిషి ఎదురైతే శాపనార్థాలు పెట్టాలనుకుంది లూర్దమ్మ. ఇప్పుడు ఆ తిట్లు కూడా దండగనిపించింది. బెదిరిస్తే లొంగిపోతారని ఇప్పుడే నీతులు చెప్పాడు. బెదిరించకుండానే, నేల తుడిచే మనిషి ముందు వంగిపోయాడు. ఇలాంటివాడి మీదా ఇన్నాళ్ళూ మనసులో అంత కోపం అట్టేపెట్టుకుంది!

"నాకొద్దండి. నేను రాసిందే పైకి పంపండి."

వారం తిరక్కుండా పాస్ లేదని కబురొచ్చింది. అభ్యంతరముంటే రాసుకోవచ్చన్నారు. లూర్దమ్మ తెలుగులో చెప్పింది, కడపలో చదువుకుంటున్న నస్రీన్ కూతురు ఫోన్‌లో విని ఇంగ్లీషులో రాసి పంపింది. చీటీ, ఐ.పి., ఆయన పేరు, మూసిన తలుపు, ఏదీ వదల్లేదు. పై ఆఫీసువాళ్ళు పిలిచి అడిగితే డబ్బు పంపిన రసీదులన్నీ వాళ్ళ ముందు పెట్టింది.

అప్పుండటం తప్పు కాదని, దాచడమే తప్పని వాళ్ళు ఆమెకి పాస్ ఇచ్చారు. సుధాకరరావు చేత మాత్రం రాజీనామా రాయించుకున్నారు.

పోయేరోజు ఆఫీసులో కేకు కోయించారు. మస్కట్‌లో ఇంతకంటే పెద్ద ఉద్యోగమొచ్చిందని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. లూర్దమ్మకీ ఒక ముక్క అందించబోయాడు.

"చేతులు ఖాళీ లేవండి," అని ఆమె బకెట్ తీసుకుని మెట్లు దిగింది.