ఎండలో పెట్టిన ఫ్రెంచి పల్లె

"అమ్మమ్మా, నా విలేజ్‌ని బయట ఎందుకు పెట్టావ్?"

"ఎండబెట్టాను. వడియాలు ఎండటం లేదూ?"

"ఇది వడియం కాదు, ప్రాజెక్ట్! రేపే సబ్మిట్ చేయాలి!"

"గొంతు తగ్గించు. గంటలకొద్దీ ఓవెన్ వెలిగించడానికి కరెంటు ఊరికే వస్తోందా?"

"స్క్విరల్ చర్చి తినేసింది, అమ్మమ్మా!"

తినేసిన మాట నిజమే. ఫ్రెంచి క్లాసు కోసం నా మనవరాలు గోధుమపిండిలో ఉప్పు కలిపి, అట్ట మీద ఫ్రాన్సులోని ఒక చిన్న పల్లెని చేసింది. దాన్ని ఇంటి వెనక చెక్క డెక్ మీద ఎండలో పెట్టి, కాకులు రాకుండా పక్కనే నల్ల గొడుగు విప్పి ఉంచాను. మా వైపు అంతే చేస్తాం. అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే ఈ ట్రాయ్‌లో ఉడత కూడా నల్లగానే ఉంటుంది, అది గొడుగుకి భయపడుతుందా?

నేను చదివింది మూడో తరగతి. ఫ్రాన్సంటే అంతా పట్నమే అనుకునేదాన్ని. ఎప్పుడూ చెవుల్లో అవి పెట్టుకుని మేడ మీదుండే పిల్ల, ఆ వారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని అన్నీ చదివి చెప్పింది. పల్లెకి మూడు వైపులా ఏరట. మిట్ట మీద ఇళ్ళు, వాటి నడుమ చర్చి, దిగువన పిండిమర. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని బట్టలుతికే రేవుకి పైకప్పు కూడా ఉందట.

ఆ రేవుని తాగే నీళ్ళకి ఎగువన పెట్టింది. "నీ మొహం, ఎగువన ఎవరైనా ఉతుకుతారా? కిందకి జరుపు" అన్నాను. ఫొటో చూసుకుంది. అక్కడా దిగువనే ఉంది.

"నీకెలా తెలుసు?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు చాలా రోజులు సరిపోయింది.

యుద్ధంలో పోయిన కుర్రాళ్ళ పేర్లు ఊరి మధ్య రాతి మీద చెక్కారట. బడి మూసేశారట. రొట్టెల బండి వారానికి రెండుసార్లు వస్తుందట.

"మరి ఇప్పుడక్కడ ఎవరుంటారే?"

"ఓల్డ్ పీపులే. డే అంతా ఎవరూ కనిపించరు."

పొద్దున్న అందరూ వెళ్ళాక ఈ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడొక్కటే.

కరెంటు మాట సగమే నిజం. ఓవెన్‌లో పెడితే ఆ పూటకే అయిపోయేది. ఎండలో అయితే రెండు రోజులు పడుతుంది. పల్లె పూర్తయితే పిల్ల మళ్ళీ మేడెక్కేస్తుందని నాకు తెలుసు.

"ఇలా తే, ఉడత తిన్న చర్చి మళ్ళీ నేను చేస్తాను" అన్నాను.

"వద్దు. ముట్టుకోకు." అట్టతో సహా పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న పాలడబ్బా అట్టతో చేసిన చర్చి అతికించుకుని, పల్లెని ఒళ్ళో పెట్టుకుని, మా అమ్మాయి కార్లో బడికి వెళ్ళింది. వెళ్ళొస్తానని చెప్పలేదు. నేను డెక్ మీద రాలిన పిండి ఊడ్చి, గొడుగు మడిచి లోపల పెట్టాను.