నడిమి కాయ పేరయ్య

2001 మాఘమాసంలో, బ్రాడీపేటలోని ఒక కల్యాణమండపంలో, పేరయ్యగారి కుడిచెయ్యి మోచేతి దాకా లడ్ల గంగాళంలో ఉండగా పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. పేరయ్యగారు తొట్రుపడలేదు. అడుగునుంచి ఒక లడ్డు పైకి తీసి, విరిచి, వాసన చూసి, “పైవి బానే ఉన్నాయండీ. నడిమివి తాలు” అని తీర్పు చెప్పి, వడ్డించేవాడి తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని భోజనానికి కూర్చున్నారు. క్షమాపణ చెప్పుకునే బాధ్యత యథాప్రకారం మేనల్లుడు కోటేష్‌కి దక్కింది.

ఏ వస్తువైనా సరే నడిమధ్యలోకి చెయ్యి దూర్చి చూస్తేగానీ నమ్మకపోవడం పేరయ్యగారి అలవాటు. తప్పు ఆయనది కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు తరఫున ముప్పై ఒక్క ఏళ్ళు కాయ చూశారు. నిగనిగలాడే ఎర్రకాయ బస్తా మూతి దగ్గర పేర్చి, తెల్లబారిన తాలుకాయ నడుమ కుక్కే ఘనులు ఊరికొకడు ఉంటారు. వాళ్ళందరినీ ఆ కుడిచెయ్యే పట్టింది. కొట్టు ఆయనకి శాలువా కప్పి ఇంటికి పంపింది గానీ, ఆ చేతికి మాత్రం పదవీ విరమణ చెప్పడం మర్చిపోయింది.

ఇంట్లో కొత్త పరుపు తెస్తే కుట్టు విప్పి దూది చూశారు. బ్రాడీపేట డాక్టరు గుండెమీద గొట్టం పెడితే, “పైపైన చూస్తే ఏం తెలుస్తదండీ?” అని జాలిపడ్డారు. ఆయన భార్య కోటిరత్నమ్మ నలభై ఏళ్ళ కాపురంలో వండిన ప్రతి కూరనీ గరిటె అడుగుదాకా దించి పరీక్షించాకే తిన్నారు. “నన్నూ ఇట్టాగే చూసి చేసుకున్నావా?” అని ఆవిడ ఒకసారి అడిగింది. ఆయన కాసేపు ఆలోచించడమే పెద్ద పొరపాటైంది. ఆ పూట కూర లేదు.

అలాంటి మనిషిని కారు పరీక్షకి తీసుకెళ్ళాలన్న ఆలోచన కోటేష్‌ది.

కోటేష్‌కి పెళ్ళిళ్ళకి కార్లు అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. ఊళ్ళో అలాంటివాళ్ళు పదకొండుమంది ఉన్నారు. అందరిదీ అదే తెల్లకారు, అవే బంతిపూలు. ఆ పదకొండుమందినీ ఒక్క దెబ్బతో చిత్తుచేసే అస్త్రం కనిగిరిలో ఉందని అతనికి కబురొచ్చింది. పాత అంబాసిడరట. యాభై మాత్రమే చేసిన స్పెషల్ రకమట. అందులో ఇది పదిహేడోదట. ఆ నంబరు వెనకాల రేకు మీద చెక్కి ఉందట. ఇన్ని ‘ట’లు విన్నాక ఎవడైనా వెనక్కి తగ్గుతాడు. కోటేష్ బ్యాంకు లోనుకి దరఖాస్తు పెట్టాడు, అమ్మ గాజులు కుదువ పెట్టడానికి మాట తీసుకున్నాడు, చివరికి భయం వేసి మామయ్యని బస్సెక్కించాడు.

అద్దంకిలో బస్సు మారేలోపే ఆ చెయ్యి ఒక మరమరాల బస్తాలో మునిగి తేలింది. “ఒరేయ్, నడిమివి మెత్తబడ్డాయిరా!” అని పేరయ్యగారు బస్సు కిటికీలోంచి కూడా కేకేశారు. ఆ అమ్మేవాడు తిరిగి అన్నదాంట్లో అచ్చువేయదగ్గ మాట ఒక్కటీ లేదు.

కారు యజమాని బుడే సాహెబుకి అరవై దాటాయి. మనవరాలు నగ్మా తెల్లారుజామునుంచీ కడిగి తుడిచినట్టుంది, వేపచెట్టు కింద కారు పెళ్ళికొడుకులా నిలబడింది. చుట్టూ ఇరుగుపొరుగు పదిమంది దాకా చేరారు.

“నా నికాకి మా అబ్బ కొన్నాడండీ, ముప్పై ఏడేళ్ళ కిందట” అన్నాడు బుడే. “పొగాకు డబ్బులతో. పాత బండేనని ఊరంతా నవ్వారు. పెళ్ళి ఊరేగింపు పొద్దున మా అబ్బ అందర్నీ కారు వెనక్కి తీసకపోయి ఆ రేకు చూపించాడు. యాభైలో పదిహేడోది! అంతే, మళ్ళీ ఒక్కడు నోరెత్తితే ఒట్టు. ఈ వీధిలో నన్ను ఇప్పటికీ పదిహేడో నంబరు బుడే అనే అంటారు.”

“మరెందుకు అమ్ముతున్నావు?” అన్నారు పేరయ్యగారు.

“కళ్ళు మసకేశాయండీ, నడపలేను. విలువ తెలిసినోడి చేతిలో పెడదామని.”

“నేను నేర్చుకుంటానంటే వినడండీ” అంది నగ్మా.

“నీకు సైకిలే రాదు” అన్నాడు బుడే.

పేరయ్యగారు చొక్కా చెయ్యి పైకి మడిచారు. కోటేష్ కళ్ళు మూసుకున్నాడు.

ముందు సీటు సందులోకి చెయ్యి వెళ్ళింది. ఒక చింతగింజ, సగం దువ్వెన, పదిపైసల బిళ్ళ బయటికొచ్చాయి. బుడే సాహెబు ఆ దువ్వెనని ఆప్యాయంగా జేబులో వేసుకున్నాడు. ఆయన తలమీద దానికి పని పోయి చాలాకాలమైంది. తర్వాత ఇంజనులోకి వెళ్ళిన చెయ్యి రెండు గొట్టాల మధ్య ఇరుక్కుని రానంది. నగ్మా కొబ్బరినూనె తెచ్చి పోసింది. కోటేష్ నడుం పట్టుకుని లాగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఉచిత సలహాలు ఇచ్చారు. చెయ్యి వచ్చింది, గడియారం లోపలే ఉండిపోయి మరో పావుగంటకి వచ్చింది.

చివరికి కారు వెనక్కి చేరారు. బుడే సాహెబు టీ చెప్పడానికి ఇంటి గుమ్మం వైపు వెళ్ళాడు. ఇరుగుపొరుగు బయటపడ్డ గడియారం ఆడుతోందో లేదో చూస్తూ ముందువైపే ఉండిపోయారు. రేకు మీద ఇంగ్లీషులో ‘స్పెషల్’ అనీ, దాని కింద పదిహేడు, యాభై అనీ చుక్కలు చుక్కలుగా అక్షరాలున్నాయి.

“చూశావా మామయ్యా, ఆ చుక్కలు! ఇది ఫారిన్ పద్ధతి” అన్నాడు కోటేష్.

పేరయ్యగారు మేనల్లుడి వైపు జాలిగా చూశారు. “మీ అత్త స్టీలు గిన్నెల మీద పేరు కూడా ఫారిన్‌వాళ్ళే కొట్టారేంట్రా?”

పాత్రల కొట్టు ముందు ఉలి, సుత్తి పెట్టుకుని కూర్చునే మనిషి చేతిరాత అది. చెప్పాక ఎవరికైనా కనిపిస్తుంది. ఆలోగా పేరయ్యగారి వేళ్ళు రేకు వెనక్కి దూరాయి. తుప్పుపట్టిన మర ఊడి, రేకు ఆయన చేతిలోకి వచ్చింది. వెనక్కి తిప్పారు. అది కత్తిరించిన స్టీలు కంచం ముక్క. అటువైపూ చుక్కల అక్షరాలే, కాకపోతే తెలుగులో: ‘బుడే, మస్తాన్‌బీల పెళ్ళికి’.

కొడుకు పెళ్ళికి ఎవరో ముందుగా చదివించిన కంచాన్ని కోసి, ఆ తండ్రి కారుకి పరువు తయారుచేశాడన్నమాట.

పక్కనే నూనె సీసాతో నగ్మా. “తుడిచేటప్పుడు రేకు పక్కకి తిరిగితే చూశానండీ” అంది గొంతు తగ్గించి. “తాతకి తెలీదు.”

కోటేష్ లెక్క వేసుకున్నాడు. లోను తప్పింది, గాజులు మిగిలాయి. కానీ ఇప్పుడు మామయ్య నోరు తెరుస్తాడు. లడ్లని వదలని మనిషి, మరమరాలని వదలని మనిషి, ఈ పదిమందిలో ‘తాలు!’ అని అరుస్తాడు. టీ గ్లాసులతో బుడే సాహెబు వస్తూనే ఉన్నాడు.

“ఏమన్నారండీ పెద్దాయన?” అన్నాడు బుడే. ఇరుగుపొరుగు కూడా ఇటు తిరిగారు.

పేరయ్యగారు గుప్పిట మూసి, వంగి, రేకుని మళ్ళీ యథాస్థానంలో అదిమి, ఊడిన మరని బొటనవేలితో బిగించారు.

“బుడే సాహెబూ, ముప్పై ఒక్క ఏళ్ళు చెయ్యి పెట్టి చూసినోణ్ణి. ఇట్టాంటిది రెండోది లేదు.”

పదిమందీ ఒకేసారి ‘అదీ!’ అన్నారు. బుడే సాహెబు మెడ రెండంగుళాలు పెరిగింది.

“అయితే ఖాయం చేసుకుందామా?”

“ఆగు. సరుకు మంచిదే. కొనేవాడే తాలు.”

కోటేష్ గొంతులో టీ అడ్డం పడింది.

“వీడు దీనికి బంతిపూలు అంటించి, తాగుబోతు పెళ్ళివారిని ఎక్కించి తిప్పుతాడు. నెల తిరక్కుండా ఎవడో ఆ రేకు పీకుతాడు. వీడికి విలువ తెలీదు. ఎవడికీ అమ్మబాక. పిల్లకి నేర్పించు, నువ్వు పక్కన కూర్చో. ఆ రేకుని మాత్రం ఆ పిల్లనే తుడవనియ్యి, ఇంకెవర్నీ ముట్టుకోనీకు.”

బుడే సాహెబు అమ్మకం తప్పినందుకు బాధపడాల్సింది పోయి కోటేష్ భుజం తట్టి, “ఏం అనుకోబాక బాబూ, నీకు ఇంకా వయసుంది” అని ఓదార్చాడు. నగ్మా ఇద్దరికీ రెండోసారి టీ పోసింది. పేరయ్యగారి గ్లాసులో మాత్రం నిండా పోసింది. ఆయన దాన్ని స్పూనుతో అడుగుదాకా కలిపి చూసుకున్నాకే తాగారు.

తిరుగు బస్సు అద్దంకి చేరింది. కోటేష్ ఇక ఆగలేకపోయాడు.

“ముప్పై ఒక్క ఏళ్ళు లోకంలో ఉన్నవన్నీ తాలన్నావు. పెళ్ళివారి లడ్లు తాలు, డాక్టరు తాలు, అత్త వంట తాలు. కళ్ళెదురుగా దొంగరేకు దొరికితే అది మాత్రం అసలు, పదిమందిలో నేను తాలా మామయ్యా?”

పేరయ్యగారు కొబ్బరినూనె ఇంకా ఆరని చేతిని పంచెకి తుడుచుకున్నారు.

“ఆ బుడే వాళ్ళ అబ్బలాగా పైన తాలు పోసి నడుమ మంచి కాయ దాచిన రైతుని ఇవాళే మొదటిసారి చూశానురా, ఆయన బస్తాని నలుగురిలో కుమ్మరించమంటావా?”